ఏజెరు, ఎల్యాదు, బెరీయా

మరుగునపడిన పేర్లు: 9వ ప్రకరణము

మిరపకాయ కల్లములలో ఆరుచుండు దినములలో మా పల్లె గుడిలో ఆదివారపు ప్రార్థన తెల్లవారక మునుపే ముగిసెడిది. కాయ కోయుటకును తొడిమలు తీయుటకును పోవలసిన కూలిజనము ప్రొద్దెక్కక ముందే చేలగట్లు చేరవలెను గనుక, అయ్యగారు పెట్రోమాక్సు దీపము వెలిగించి, పాటను రెండు చరణములతో ఆపి, ఎవరో యొక బడిపిల్లవానిచేత వాక్యము చదివించి, ప్రసంగమును కుదించెడివారు. చదువవలసిన అధ్యాయమును ఏరుకొనుట మాలో లేదు; ఆదికాండము మొదలు వారమునకొకటి చొప్పున, ఏండ్లు పట్టినను సరే, వరుసగా పోవుటయే ఆచారము. ఆ వరుసలో నా పదియవ యేట నా వంతునకు వచ్చినది దినవృత్తాంతముల మొదటి గ్రంథములోని యేడవ అధ్యాయము. కల్లముల మీదినుండి వచ్చు ఘాటునకు దగ్గుచు, 'షూతలహు', 'తాహతు', 'ఎలాదా' అని కూడబలుకుకొనుచుండగా ముందువరుసలోని సంఘపెద్ద యొకాయన విసిగి, "పేర్లేగదరా అబ్బాయ్, దాటేసి కిందికి పో" అనెను. చాపమీద కూర్చున్న మా నాయనమ్మ తల యెత్తకయే, "దాటబాక. రాయించినోడికి లేని తొందర నీకెందుకు?" అన్నది. ఆ మాట నాకో, ఆ పెద్దకో నేటికిని నాకు తెలియదు. నేను మాత్రము దాటలేదు. దాటకపోవుటచేతనే ఆ పేర్ల నడుమ ఒక పసుల దొంగతనమును, రెండు చావులను, ఒక ముసలి తండ్రి యేడ్పును ఆనాడు చూచితిని.

గత ప్రకరణమున కాయీను సంతతివాడగు లెమెకును, అతని యిద్దరు భార్యలగు ఆదా సిల్లాలను ముచ్చటించితిమి. వారికి బైబిలు ఒక చిన్న కథనైనను ఇచ్చినది. ఇప్పుడు చెప్పబోవువారికి ఆ భాగ్యము కూడ లేదు. వారికి దక్కినది వంశావళిలో రెండు మూడు పంక్తులు మాత్రమే.

ముందుగా గ్రంథమును గూర్చి ఒక మాట. హీబ్రూలో దీని పేరునకు 'దినముల సంగతులు' అని యర్థము. మన అనువాదకులు దినవృత్తాంతములని పెట్టిన పేరు మూలమునకు అచ్చముగా అమరినది. యూదుల క్రమములో ఈ గ్రంథము వారి పవిత్ర గ్రంథ సముదాయమునకు కట్టకడపట నుండును. పారసీక చక్రవర్తుల యేలుబడిలో, క్రీ.పూ. నాలుగవ శతాబ్ద ప్రాంతమున, యెరూషలేములో దేవాలయ పరిసరములకు చెందిన లేఖకుడో లేఖకులో దీనిని కూర్చిరని పండితులు తలంతురు. ఆదాము మొదలుకొని తొమ్మిది అధ్యాయములు దాదాపు పూర్తిగా పేర్ల పట్టికలే. పట్టికలలో సమత్వము లేదు. యూదా గోత్రమునకును లేవీయులకును పుటలకు పుటలు కేటాయించిన లేఖకుడు నఫ్తాలి గోత్రమును ఒకే వచనముతో ముగించెను. జెబూలూనును ఏకముగా మరచెను. ఇట్టి పంపకములో ఎఫ్రాయిమునకు పది వచనములు దక్కినవి.

ఎఫ్రాయిము యోసేపు రెండవ కుమారుడు; ఐగుప్తు దేశమున, ఓను పట్టణపు యాజకుని కుమార్తె యగు ఆసెనతునకు జన్మించినవాడు. ముసలి యాకోబు తన చేతులను అడ్డముగా మార్చి పెద్దవానిని కాదని చిన్నవాడగు ఇతని తలపై కుడిచేయి యుంచుట బైబిలు చదివిన వారందరు ఎరిగినదే. ఆ పేరునకు ఫలించుటయను భావముతో ముడియున్నదని ఆదికాండము చెప్పును. ఫలించిన ఆ యింటిలో నేమి జరిగినదో చెప్పువాడు దినవృత్తాంతకారుడొక్కడే.

షూతలహు, బెరెదు, తాహతు, ఎలాదా, మరల తాహతు, జాబాదు, మరల షూతలహు అని తాతల పేర్లను మనుమలు మోయుచు పట్టిక సాగుచుండగా, ఏజెరు, ఎల్యాదు అను రెండు పేర్ల వద్ద లేఖకుని కలము నిలిచినది. ఆ దేశమున పుట్టిన గాతు ఊరివారు వీరిరువురిని చంపిరనియు, అందులకు కారణము వీరు వారి పసులను తోలుకొనిపోవుటకు దిగివచ్చుటయే యనియు అతడు వ్రాసెను. 'దిగివచ్చుట' అను క్రియను గమనింపవలెను. ఐగుప్తునుండి కనానునకు పోవుటను హీబ్రువులు ఎల్లప్పుడు ఎక్కిపోవుటయనియే చెప్పుదురు. దిగివచ్చుట యనిన కొండసీమనుండి పల్లపు మైదానమునకు వచ్చుట. ఎఫ్రాయిము గోత్రమువారి నెలవు కొండసీమ. గాతు, నేడు తెల్ ఎస్సాఫీ అను దిబ్బగా పండితులు గుర్తించినది, సముద్రతీరపు మైదానము కొండపాదములను తాకు తావున నున్నది. కాబట్టి ఈ యిద్దరు ఐగుప్తులో పుట్టి పెరిగిన రాచబిడ్డలు కారు. మెట్టనుండి పల్లమునకు పసులకై దిగిన కొండవాండ్రు. మరి తండ్రి ఎఫ్రాయిము ఐగుప్తులోనే పుట్టి యక్కడనే జీవించెనని కదా ఆదికాండము చెప్పునది? ఈ చిక్కును విడదీయుటకు ప్రాచీన యూద రబ్బీలు ఒక కథ చెప్పిరి: ఎఫ్రాయిమీయులు విమోచన కాలమును తప్పుగా లెక్కించుకొని, మోషేకు ముప్పది యేండ్ల ముందే ఐగుప్తును విడిచి బయలుదేరి, గాతువారి చేతులలో నశించిరట. లెక్క తప్పి ముందుగా బయలుదేరినవారి కథ యన్నమాట. నాకీ కథ యెంత నచ్చినను, నమ్మదగినది మాత్రము నేటి పండితుల మాటయే: ఇక్కడ ఎఫ్రాయిము అనగా ఒక మనిషి కాదు, ఒక గోత్రము, తండ్రి యేడ్పు గోత్రమంతటి యేడ్పు.

పసులకై ప్రాణములిచ్చుట మనకు వింతగాదు. విరటుని కొలువులో పాండవులు బయటపడినది దక్షిణోత్తర గోగ్రహణముల వలననే. పలనాటి ఊళ్ళ పొలిమేరలలో వీరగల్లులు చూచినవారు, పసులను మరలించు పోరులో పడినవారికై నిలిపిన రాళ్ళెన్ని యున్నవో యెరుగుదురు. ఒంగోలు గిత్తల జత యెంత చేయునో, అది కొట్టమునుండి మాయమైన రైతు గతి యేమగునో ఈ నేలలో ఎవరికిని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే భేదమొకటి యున్నది. మన వీరగల్లు పసులను కాపాడినవానికి, మరలించినవానికి నిలుపబడును. తోలుకొనిపోవ వచ్చినవానికి రాయి లేదు. దినవృత్తాంతకారుడు మాత్రము తన జాతివారే దొంగలై దిగి చచ్చిరని దాపరికము లేక వ్రాసెను. వంశావళులు గొప్పలకొరకే పుట్టునను మాట ఈ రెండు పేర్ల దగ్గర నిలువదు. ఏజెరు అను పేరునకు సహాయమని యర్థము. మన సంఘములలో కనబడు ఎబినేజరు అను పేరులోనిది ఆ మాటయే. అది సహాయపు రాయి. గాతు పొలిమేరలో ఏజెరునకు సహాయమునకు వచ్చినవాడు లేడు.

తండ్రి బహుదినములు దుఃఖించెను. సహోదరులు పరామర్శకు వచ్చిరి. తరువాత భార్య గర్భము ధరించి కొడుకును కనగా, తన యింటికి కీడు కలిగినదని తండ్రి అతనికి బెరీయా అని పేరుపెట్టెను. హీబ్రూలో ఆ పేరు కీడు అను మాటకు ధ్వనిలో దగ్గరగా నుండును. పుట్టిన బిడ్డకు కీడని పేరా యని నాగరకులు ముక్కున వ్రేలు వేసికొనవచ్చును. మన పల్లెలలో ఆ పని చేయని యిల్లు అరుదు. వరుసగా బిడ్డలు పోయిన తల్లి, తరువాత పుట్టినవానిని పెంటమీద దొర్లించి పెంటయ్య యనును, ఎంగిలి విస్తరిలో పరుండబెట్టి పుల్లయ్య యనును, కుప్పయ్య యనును. విలువలేని దానివలె పేరుపెట్టినచో చావు దానిని తాకదని నమ్మకము. ఎఫ్రాయిము భార్యయు, ఆమెకు పురుడుపోసిన ముసలమ్మలును ఆ నమ్మకమునకు దూరమైనవారని నేననుకొనను. దినవృత్తాంతకారునికి మాటలోని ధ్వని మాత్రమే వినబడినది. పేరు పెట్టిన చేతుల వణకు మన తల్లులకు తెలియును. బెరీయా యను పేరు ఆషేరు సంతతిలోను, బెన్యామీనీయులలోను, లేవీయులలోను మరల మరల కనబడును. బెన్యామీనీయుడగు బెరీయా తన తోడివానితో కలిసి గాతువారిని తరిమివేసెనని తరువాతి అధ్యాయమే చెప్పుచున్నది. ఒకే పగ రెండు గోత్రముల నోళ్ళలో రెండు విధములుగా మిగిలినదేమో!

ఇక షెయెరా. ఈమె ఎఫ్రాయిము కుమార్తెయో బెరీయా కుమార్తెయో వాక్యనిర్మాణమును బట్టి తేలదు. ఆమె దిగువ బేత్‌హోరోనును, ఎగువ బేత్‌హోరోనును, తన పేరు గల ఉజ్జెన్‌షెయెరాను కట్టించెనని ఒక్క వచనము. బైబిలంతటిలో ఊళ్ళు కట్టించినదని చెప్పబడిన స్త్రీ ఈమె యొక్కతియే. ఆ రెండు బేత్‌హోరోనులు సామాన్యములు గావు. సముద్రతీరమునుండి యెరూషలేమునకు ఎక్కు కనుమ వాని చేతిలో నున్నది, యెహోషువ అమోరీయుల రాజులను తరిమినది ఆ దారినే, సొలొమోను వానికి మరల కోటగోడలు కట్టించెను, క్రీ.శ. 66లో రోమను సేనాని సెస్టియస్ గాలస్ బలగము చెల్లాచెదరైనదియు అక్కడనే. ఎగువ దిగువ ఊళ్ళు రెండును నేటికిని బైత్ ఊర్ అను పేరుతో, ఫౌకా, తహ్తా యను అరబ్బీ విశేషణములతో నిలిచియున్నవి. కట్టించినదాని గతి వేరు. హీబ్రూ గ్రంథమును గ్రీకులోనికి మార్చిన ప్రాచీనులు షెయెరా యను పేరును పేరుగా గుర్తింపక, 'మిగిలినవారు' అను మాటగా భ్రమించి యట్లే అనువదించిరి. ఆ విధముగా మూడు ఊళ్ళ నిర్మాత్రి ఒక భాషనుండి మరియొక భాషకు ఏరు దాటునప్పుడు మునిగిపోయినది. మన నాగార్జునకొండ మహాచైత్యమును కట్టించిన ఇక్ష్వాకు రాజసోదరి చాంతిసిరి ఈ విషయమున అదృష్టవంతురాలు. ఆమె తన పేరును తానే రాతిస్తంభములపై చెక్కించుకొన్నది.

ఈ పట్టికలలోని పేర్లన్నియు మనుష్యుల పేర్లేనా యను సందేహము పండితులకు ఎంతోకాలముగా నున్నది. 1910లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు సమరియ దిబ్బను త్రవ్వుచుండగా సిరాతో వ్రాసిన కుండపెంకులు బయటపడినవి. క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్దమున ఏయే పల్లెనుండి నూనెయెంత, ద్రాక్షారసమెంత రాజధానికి వచ్చినదో తెలుపు కరణపు లెక్కలవి. అబీయెజెరు, షెకెము, హేలెకు, అశ్రీయేలు, షెమీదా; వీరు మనష్షే సంతతివారని సంఖ్యాకాండమో యెహోషువ గ్రంథమో చదివినవారెరుగుదురు. పెంకులలో ఈ పేర్లు మనుష్యులవి గావు, ప్రాంతములవి! సెలోపెహాదు కుమార్తెలలోని నోయా, హొగ్లా కూడ అక్కడ పన్ను కట్టు సీమలుగా కనబడిరి. ఊరు మనిషియై, మనిషి తండ్రియై, తండ్రి తాతయై వంశవృక్షము అల్లుకొనిపోయినది. ఇది మోసము కాదు. మనలో ఇంటిపేర్లు ఎన్ని ఊరిపేర్లు కావు? వేమూరివారు, కొండవీటివారు అనునప్పుడు మనము చెప్పుచున్నది రక్తమునా, నేలనా? ఎవడు ఎవనికి అన్న, ఎవనికి తమ్ముడు అని పట్టికలో చూపుట, ఏ సీమ ఏ సీమతో పొత్తులో నున్నదో చూపుటకు ఆ కాలపు పద్ధతి.

మాసూళ్ళ కాలమున కల్లములకు పిచ్చిగుంట్లవారు వచ్చి, కాపుదనపు ఇండ్ల గోత్రములు, ఇంటిపేర్లు, తాతముత్తాతల దానధర్మములు వల్లించి ధాన్యము అడుగుట నా చిన్నతనమున ఇంకను చూచితిని. కల్లము యజమాని ఆ వరుసలో తన తాత పేరు వచ్చువరకు ఊరకుండి, వచ్చినంతనే చేట నింపించెడివాడు. దినవృత్తాంతకారుని నేను యెరూషలేము పిచ్చిగుంట్లవానిగా ఊహించుకొందును. అతని కులమును తక్కువచేయుటకు కాదు, పని యొకటే యగుటచేత. మాదిగవారికిని ఇట్టి పురాణకర్తలు గలరు: డక్కలివారు. పటములను విప్పి, జాంబవుని మొదలుకొని కులముయొక్క పుట్టుకను పాడు జాంబపురాణము వారిది. అందుచేత వ్రాతలో వంశావళి లేనివారికి వంశావళియే లేదనుట తగదు. అది వేరొకరి గొంతులో నుండెను.

ఎఫ్రాయిమునకు తిరిగి వచ్చెదము. క్రీ.పూ. 722 ప్రాంతమున అస్సీరియావారి చేతిలో సమరియ పడినది. 27,290 మందిని చెరగొనిపోతినని సర్గోను చక్రవర్తి తన శాసనమున చెప్పుకొనెను. వారిని హాలహు, హాబోరు, మాదీయుల పట్టణములు మున్నగు చోట్లకు తరలించిరని రాజుల గ్రంథము చెప్పును. తరువాత వారేమైరను ప్రశ్ననుండి తప్పిపోయిన పది గోత్రముల కథ పుట్టి, దేశదేశముల పాదరులను, యాత్రికులను, పిచ్చివారిని వెదకించినది. ఆ కథ నాకిక్కడ ముఖ్యము కాదు. ఎఫ్రాయిము నేలమీదినుండి లేచిపోయిన మూడువందల యేండ్లకు పిమ్మట, యూదా సీమలో కూర్చున్న లేఖకుడొకడు, లేనివారి పట్టికను ఏల వ్రాసెనన్నదే ప్రశ్న. పంక్తిలో రానివారికి కూడ విస్తరి వేసినట్లుగా నాకు తోచును.

ఆ విస్తరి యెదుట కూర్చుండుటకు మేమే హక్కుదారులమని పలికినవారు మన గుంటూరు సీమలోనే కలరు. చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిములు, అనగా ఎఫ్రాయిము పుత్రులు, అని పేరుపెట్టుకొన్న కొన్ని కుటుంబములు యూదమతమును అనుష్ఠించుచున్నవి. ఒంగోలు, మచిలీపట్టణము ప్రాంతములందును వారివారు కొందరున్నారు. యాకోబీ సోదరులు నాయకులుగా 1980ల నుండి మొదలైన యీ కదలికలో, 1990ల ఆరంభమునకు గ్రామమున ఒక సమాజమందిరము కూడ ఏర్పడినది. వీరు మాదిగపల్లెలలో పుట్టినవారు, క్రైస్తవ సంఘములలో పెరిగినవారు. పూర్వము తమ పెద్దలు పారసీక దేశము మీదుగా ఉత్తరహిందూస్థానము చేరి, అక్కడనుండి దక్షిణమునకు వచ్చిరనియు, గొడ్డుమాంసము తినుట మొదలగు ఆచారములు ఇశ్రాయేలు పెద్దలవేయనియు వీరి వాదము. చరిత్రకారులు దీనిని నిరూపితమైన సంగతిగా నంగీకరింపలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను ఇద్దరు మానవశాస్త్రజ్ఞులు వీరి నడుమ నివసించి వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది. వారు నిజమా అబద్ధమా యని తీర్పు చెప్పుటకన్న, కులము చేత క్రిందికి నెట్టబడినవారు తమ గతమును తామే చెప్పుకొనుట యెట్లో పరిశీలించుటకే పూనుకొనిరి. అది సరియైన పద్ధతి.

ఈ గతము ఏ నేలలో మొలకెత్తినదో చూడవలెను. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు తొలి తోడు దొరలుగాదు, తోళ్ళ వ్యాపారము చేయు ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ భక్తుడు. అంతకుముందే గురువులను వెదకి యోగమార్గమును అభ్యసించినవాడు. 1876-78 నాటి కరవులో బకింగుహాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును క్లౌ కంట్రాక్టుకు తీసికొని వేలాది ఆకలిజనమునకు పని చూపెను. కరవు తీరిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవు కూడునకై చేరిరని హేళన చేసినవారికి కొదువలేదు. పనులు సాగినంత కాలము క్లౌ ఎవరికిని బాప్తిస్మమియ్యక ఆపియుంచెనను సంగతిని వారు చెప్పరు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో ప్రకటించిన గ్రంథమునకు చెప్పులు కుట్టుచుండగా అని యర్థమిచ్చు పేరు పెట్టి, మాతంగి మొదలగు మాదిగల కథలను వారి నోటనే విని వ్రాసియుంచినది. బైబిలు ఆ పల్లెలకు వచ్చినది ఈ విధముగా. వచ్చిన బైబిలులో అబ్రాహాము కథ యెంత ఇష్టముగా చదివిరో, పసులు, తోళ్ళు, బలులు, చెర, వాగ్దానభూమి యను మాటలు అంత దగ్గరివై తోచియుండును. ఒకరికి గొడ్డు ఐశ్వర్యము. మరియొకరికి చచ్చిన గొడ్డు బ్రతుకుతెరువు, మోటకు తోలుబాన, కాలికి చెప్పు, డప్పునకు చర్మము. ఏజెరు, ఎల్యాదుల కథను మా నాయనమ్మ విన్న తీరును, నగరపు పండితుడు చదివిన తీరును ఒకటి కాజాలవు.

కొత్తరెడ్డిపాలెపువారి నిత్యజీవితమున విశ్రాంతిదినమే గొప్ప చిక్కు. శనివారము పని చేయరాదని ధర్మశాస్త్రము. మిరప పండినపుడు కాయ శనివారమని ఆగదు, పిలిచిన రైతు ఆగడు, నాటి కూలి లేనిదే పొయ్యి వెలుగదు. యెరూషలేములోని ధనికుడు శనివారము విశ్రమించుట యొక యాచారము. పరాయి చేలో కాయకోయు మనిషి శనివారము ఇంట కూర్చుండుట ఒక దినపు కూడు వదులుకొనుట. ఈశాన్య భారతపు బెనె మెనష్షేలను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ తప్పిన గోత్రపు సంతతిగా గుర్తించెను. ఆంధ్రపు ఎఫ్రాయిములకు అట్టి గుర్తింపు రాలేదు. ఇక్కడి చట్టపు సంగతి మరియొకటి: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులపు హోదాను మతముతో ముడివేసినది, తరువాత సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చినను క్రైస్తవులను, యూదులను చేర్చలేదు. తాను ఎవని మనుమడో చెప్పుకొనునపుడు పేదవాడు ఎన్ని కచేరీలలో జవాబు చెప్పవలయునో చూడుడు.

వీరి వాదమును నవ్వి త్రోసివేయువారిని నేను చూచితిని. వారి నడుగవలసినది ఒకటే: నోయా, హొగ్లా యను సీమలు ఆడపిల్లలై, ఎఫ్రాయిము కొండసీమ ముసలి తండ్రియై కూర్చున్న ఆ పట్టిక రక్తము లెక్కించి వ్రాసినదా? అదియు, మేము వీరివారమని పలుకుటయే గదా! కొత్తరెడ్డిపాలెము చేసినది దినవృత్తాంతకారుడు చేసిన పనియే; ఆయన కలము యెరూషలేములో నుండుటయు, వీరిది మిరపచేల నడుమ నుండుటయు మాత్రమే తేడా. చరిత్రగా దానిని నేనొప్పను. వంశావళిగా ఒప్పకుండుటకు నాకు కారణము కనబడదు.

చేబ్రోలు వంశావళులకు కరవైన ఊరు కాదు. 2019లో అచ్చటి భీమేశ్వరాలయమున వెలుగుచూచిన శాతవాహన రాజు విజయుని శాసనము క్రీ.శ. 207 నాటిదని శాసన పరిశోధకులు నిర్ణయించిరి. దక్షిణదేశమున ఇంతవరకు దొరికిన సంస్కృత శాసనములలో తొలిదిగా దానిని లెక్కించుచున్నారు. అందులో ఆలయమును, మండపమును కట్టించినవాడు కార్తికుడట. ఆ పేరు తప్ప అతనిని గూర్చి చరిత్రలో మరి యేమియు లేదు. వెయ్యేండ్లకు పిమ్మట, 1213లో, కాకతి గణపతిదేవుని గజసేనాని జాయపనాయకుడు, నృత్తరత్నావళి రచించిన ఆ జాయపయే, అదే యూరిలో తన తండ్రి పేర చోడేశ్వరుని ప్రతిష్ఠించి, తన వంశమును శాసనమున నిలిపెను. సేనానికి రాయి దొరుకును. తోలుపని చేయువానికి?

దొరికినది. గుంటూరునకు ఒక దిక్కున చేబ్రోలు, మరియొక దిక్కున అమరావతి. అచ్చటి మహాచైత్యపు పలకలలో నొకటి పూర్ణఘటము చెక్కినది. దానిని సమర్పించినవాడు విధికుడు. చమకారుడు, అనగా చర్మకారుడు, నాగోపాధ్యాయుని పుత్రుడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, బంధువులతో, మిత్రులతో కలిసి యిచ్చినట్లు ప్రాకృతమున చెక్కించెను. తోళ్ళు పదను పెట్టువాని తండ్రి ఉపాధ్యాయుడు! నేటి ఏ కులమునకు ఇతడు మూలపురుషుడని నేను చెప్పను. అట్లు చెప్పినచో నేనును పటము విప్పినవాడనే యగుదును. అయినను ఎఫ్రాయిమును వెదకుచు సమరియదాక పోవువారికి, దారిలో అమరావతి యొకటి యున్నదని గుర్తుచేయుట నా పని.

ఎఫ్రాయిము పట్టికలో మిగిలినది కొద్దియే. రెపహు, రెషెపు, తెలహు, తహను, లద్దాను, అమీహూదు, అరణ్యములో ఆ గోత్రమునకు పెద్దగా నిలిచిన ఎలీషామా, అతని కొడుకు నూను, నూను కొడుకు యెహోషువ. అక్కడ పట్టిక ఠక్కున ఆగిపోవును. కనానును గెలిచిన ఆ మహావీరునికి బిడ్డలున్నట్లు బైబిలులో ఎక్కడను లేదు. 1895లో వినుకొండలో గొల్లవాడగు వీరయ్యకును, మాదిగ స్త్రీయగు లింగమ్మకును పుట్టిన బిడ్డకు ఆ చివరి పేరే పెట్టిరి; తెలుగువారు అతనిని గుఱ్ఱము జాషువ యందురు.

నాయనమ్మ పోయిన తరువాత ఆమె బైబిలు నాకు వచ్చినది. పాతనిబంధనకును క్రొత్తనిబంధనకును నడుమ ఖాళీగానుండు కాగితముపై మా యింటివారి జననమరణములు మూడు చేతివ్రాతలలో నున్నవి. అన్నింటికన్న పైన నున్నది మా ముత్తాత. బాప్తిస్మపు పేరు యాకోబు, దాని ప్రక్కన చిన్న అక్షరములలో పెంటయ్య. ఆయనకు ముందు పుట్టి పోయినవారి పేర్లు లేవు. ఆ పైన కాగితము ఖాళీ.

వచ్చు సంచికలో సెలోపెహాదు కుమార్తెలు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా.